ఫుడ్ డెలివరీలో చేతికి మిగిలేది ఎంత, ఒంటి మీదికి వచ్చేది ఏంటి?

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. చదువు అయిపోయింది, అనుకున్న ఉద్యోగం రాలేదు, ఇంట్లో బండి ఉంది. ఫుడ్ డెలివరీ ప్రకటనలో నెల సంపాదన చూసి ఆశ పుట్టింది. ఫ్రెండేమో "అంతా పెట్రోల్‌కే పోతుంది, దిగొద్దు" అంటున్నాడు. అమ్మకి రోడ్డంటే భయం. ఈ ముగ్గురిలో ఎవరి మాట వినాలి అని అడిగావు.

నేను తొమ్మిదేళ్లు ఈ పని చేశాను. మొదటి ఏడాది సైకిల్ మీద, తర్వాతంతా బైక్ మీద. ఇప్పుడు కొత్తగా చేరే కుర్రాళ్ల పక్కన కూర్చుని లెక్క రాయడం నేర్పుతున్నాను. ప్రకటనలో అంకె అబద్ధమని నేను అనను. ఎవరో ఒకరు ఏదో ఒక వారం అంత సంపాదించే ఉంటారు. కాకపోతే అది ఖర్చులు తీయకముందు అంకె, ఇన్సెంటివ్‌లన్నీ అందిన వారం అంకె. ఎన్ని గంటలు రోడ్డు మీద ఉంటే అంత వచ్చిందో అందులో రాయరు. నీ ఫ్రెండ్ పెట్రోల్ గురించి చెప్పింది సగం నిజం, ఎందుకంటే పెట్రోల్ కంటికి కనిపించే ఖర్చు. అసలు దెబ్బ కనిపించని చోట ఉంటుంది. అమ్మ భయం మాత్రం పూర్తిగా నిజం. ఆ భయానికీ డబ్బు లెక్కకీ సంబంధం ఉంది, అది చెప్పడానికే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. కొత్తవాళ్లందరూ అడిగే మొదటి ప్రశ్న "ఆర్డర్‌కి ఎంత ఇస్తారు?" అని. ఆ ప్రశ్నతో మొదలుపెడితే లెక్క ఎప్పటికీ తేలదు. దూరాన్ని బట్టి ఒక మొత్తం, వానకో రద్దీకో కొంచెం ఎక్కువ, కస్టమర్ దయతలిస్తే టిప్, ఇన్ని ఆర్డర్లు దాటితే ఇన్సెంటివ్. ఇవన్నీ కలిపి వచ్చేదాన్ని నువ్వు లాగిన్‌లో ఉన్న గంటలతో భాగించాలి, బండి తిరిగిన కిలోమీటర్లతో కూడా భాగించాలి. ఈ రెండు అంకెలు తప్ప మిగతావేవీ నమ్మకు.

ఉదాహరణకి ఒక రోజు తీసుకుందాం. 11 గంటలు లాగిన్‌లో ఉన్నావు, 16 ఆర్డర్లు చేశావు. ఒక్కో ఆర్డర్‌కి, తీసుకున్నప్పటి నుంచి చేతికిచ్చేదాకా, 25 నిమిషాలు అనుకో. 16 ఆర్డర్లకి 400 నిమిషాలు, అంటే 6 గంటల 40 నిమిషాలు. మిగిలిన 4 గంటల 20 నిమిషాలు చెట్టు కిందో, హోటల్ ముందో ఫోన్ చూస్తూ నిలబడ్డావు. ఆ టైమ్‌లో నువ్వు ఇంటికి వెళ్లలేవు, వేరే పని చేసుకోలేవు. అది నీ కష్టమే, కానీ దానికి పైసా రాదు.

కిలోమీటర్లదీ అదే కథ. హోటల్ నుంచి ఇంటికి సగటున 4 కిలోమీటర్లు అనుకుంటే 16 ఆర్డర్లకి 64. కానీ నువ్వున్న చోటు నుంచి హోటల్‌కి వెళ్లడానికి ఒకటిన్నర, డ్రాప్ అయ్యాక మళ్లీ ఆర్డర్లు పడే చోటికి రావడానికి రెండు. అవి కలిపితే రోజుకి 120 కిలోమీటర్లు. చాలా చోట్ల హోటల్ దాకా వెళ్లే దూరానికి కొంత ఇస్తారు, తిరిగొచ్చే దూరానికి మాత్రం దాదాపు ఎవరూ ఇవ్వరు. బండికి ఆ తేడా తెలియదు కదా, లీటరుకి 45 ఇచ్చే బండి అయితే ఆ 120కీ దాదాపు 2.7 లీటర్లు తాగుతుంది.

ఈ వెయిటింగ్ టైమ్ గొడవ ఒక్క ఊరిదో ఒక్క దేశానిదో కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2020లో ప్రొపోజిషన్ 22 అనే చట్టాన్ని ఓటింగ్‌తో తెచ్చుకుంది. కనీస వేతనంలో 120 శాతం గ్యారంటీ అని అందులో ఉంది. వినడానికి చాలా బాగుంటుంది. కానీ ఆ గ్యారంటీ ఆర్డర్ చేతిలో ఉన్న టైమ్‌కి మాత్రమే. పైన చెప్పిన లెక్కలో 11 గంటల్లో 6 గంటల 40 నిమిషాలకే అన్నమాట. న్యూయార్క్ నగరం 2023లో డెలివరీ వాళ్లకి కనీస రేటు పెట్టినప్పుడు ఆర్డర్ కోసం ఎదురుచూసే టైమ్‌ని కూడా లెక్కలోకి తెచ్చింది. అందుకే నీకు ఎవరైనా "గంటకి ఇంత గ్యారంటీ" అని చెబితే, ఏ గంటకి అని అడుగు. లాగిన్ గంటకా, ఆర్డర్ గంటకా?

ఇక కనిపించని ఖర్చు. రోజుకి 120 కిలోమీటర్ల చొప్పున నెలకి 26 రోజులు తిరిగితే 3,120 కిలోమీటర్లు. ఏడాదికి 37 వేలు దాటుతుంది. ఇంటి నుంచి ఆఫీసుకి వెళ్లొచ్చే మనిషి రోజుకి 25 చొప్పున తిరిగితే ఏడాదికి 9 వేల చిల్లర. అంటే వాళ్ల బండికి నాలుగేళ్లలో వచ్చే అరుగుదల నీ బండికి ఒక్క ఏడాదిలో వస్తుంది. ఇంజన్ ఆయిల్ దాదాపు నెలకోసారి మార్చాల్సి వస్తుంది. బ్రేకులు, టైర్లు, చైన్ సెట్, క్లచ్, బ్యాటరీ ఒకదాని వెనక ఒకటి క్యూ కడతాయి. అన్నీ ఒకే నెలలో రావు కాబట్టి "ఈ నెల బాగా మిగిలింది" అనిపిస్తుంది. నిజానికి అది మిగులు కాదు, బండి నుంచి నువ్వు తీసుకున్న అప్పు. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లకి నేను మొదట చేయించే పని ఇదే: రాత్రి ఇంటికి రాగానే మీటర్ చూసి, కిలోమీటరుకి ఇంత అని విడిగా ఇంకో అకౌంట్లో వేయడం. ఎంత వేయాలన్నది నీ బండి మెకానిక్ దగ్గర టైర్లు, చైన్ సెట్, సర్వీసింగ్ రేట్లు కనుక్కుని, అవి ఎన్ని కిలోమీటర్లు వస్తాయో అడిగి భాగిస్తే తెలిసిపోతుంది. ఫోన్ డేటా, కొత్త ఫోన్, వానకోటు కూడా అందులోనే.

జ్వరం వచ్చిన రోజు సంపాదన సున్నా. సెలవు జీతం ఉండదు. ఇది నీకు తెలిసే ఉంటుంది, పొడిగించను.

ఇప్పుడు అసలు చోటుకి వస్తాను: ఇన్సెంటివ్. కూలీ లెక్కా ప్రమాదం లెక్కా కలిసేది ఇక్కడే.

ఇన్సెంటివ్ మెట్లు మెట్లుగా ఉంటుంది. పది ఆర్డర్లకి కొంత, పదిహేనుకి ఇంకా ఎక్కువ, ఇరవైకి ఇంకా. పద్నాలుగు దగ్గర ఆగినవాడికి పదిహేనుది రాదు, ఒక్క ఆర్డర్ తక్కువైనా రాదు. కాబట్టి రోజంతా తిరిగి అలసిపోయి, ఇక చాలు అనిపించే టైమ్‌కే ఆ చివరి రెండు ఆర్డర్ల విలువ అన్నిటికంటే ఎక్కువ అవుతుంది. ఒంట్లో సత్తువ అయిపోయిన గంటలోనే తొందర ఎక్కువ. నేను చూసిన యాక్సిడెంట్లలో ఎక్కువ భాగం ఆ గంటలోనే జరిగాయి, నాది కూడా.

ఐదో ఏడాది వానాకాలం. ఉదయం నుంచి బండి మీదే ఉన్నాను. రాత్రి 10:40కి ఇంకో రెండు ఆర్డర్లు కావాలి, యాభై నిమిషాలు ఉంది. ఒకటి ఇచ్చేసి, ఇంకొకటి పడుతుందేమోనని హోటళ్లున్న వైపు వెనక్కి వస్తున్నాను. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. మలుపులో రోడ్డు మధ్య ఇనప మూత ఒకటి ఉంది. రోజూ దాని పక్క నుంచి వెళ్లేవాణ్ణి, ఆ రోజు దాని మీద నుంచే తిప్పాను. వెనక చక్రం జారింది. కాలర్ బోన్ విరిగింది. ఆరు వారాలు ఇంట్లో కూర్చున్నాను.

ఆ తర్వాత మంచం మీద లెక్క వేశాను. నేను పరుగెత్తిన ఇన్సెంటివ్ నా ఒక రోజు సంపాదనలో మూడో వంతు. పోయినవి ఆరు వారాల్లో 36 పని రోజులు. మూడో వంతు కోసం 36 రోజులు, అంటే నూట ఎనిమిది రెట్లు. వైద్యం ఖర్చు అందులో కలపలేదు. కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది కదా అని అప్లై చేశాను. అప్పుడు తెలిసింది, ఆ పాలసీ ఆర్డర్ చేతిలో ఉన్నప్పుడు మాత్రమే వర్తిస్తుందని. నేను పడింది ఆర్డర్ ఇచ్చేసి తిరిగొస్తూ. ఏ కిలోమీటర్లకి డబ్బు రాదో, ఆ కిలోమీటర్లకి రక్షణ కూడా లేదు. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం అది.

అందుకే సంతకం పెట్టే ముందు రెండు కాగితాలు చదువు. కంపెనీ ఇచ్చే యాక్సిడెంట్ కవర్ ఎప్పటి నుంచి ఎప్పటిదాకా? లాగిన్‌లో ఉన్నంతసేపా, ఆర్డర్ ఉన్నంతసేపా, లాగౌట్ అయ్యాక ఇంటికి చేరేదాకానా? ఆసుపత్రి ఖర్చు ఒక్కటేనా, పని చేయలేని రోజులకి కూడా ఏమైనా ఇస్తారా? రెండోది నీ సొంత బండి ఇన్సూరెన్స్. సొంత వాడకానికి తీసుకున్న పాలసీల్లో, కిరాయికి సరుకు మోస్తే వర్తించదు అనే షరతు ఉండొచ్చు. ఫోన్ చేసి "నేను డెలివరీకి వాడతాను, కవర్ అవుతుందా" అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకో. అడిగితే ప్రీమియం పెరుగుతుందని చాలామంది అడగరు. అడక్కుండా ఒకరిని గుద్దితే జీవితాంతం కట్టాల్సి రావొచ్చు.

రోడ్డు మీద ఏది ఎంత ప్రమాదమో కొంచెం అంకెలతో చెబుతాను, ఎందుకంటే "జాగ్రత్తగా వెళ్లు" అనే మాట ఎవరి చెవికీ ఎక్కదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రోడ్ల మీద ఏటా దాదాపు 11.9 లక్షల మంది చనిపోతున్నారు. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణం పోయే ప్రమాదం నాలుగు శాతం పెరుగుతుందని కూడా వాళ్లే చెబుతారు. ఇప్పుడు నువ్వు ఆ వేగంతో ఏం సంపాదిస్తావో చూడు. 5 కిలోమీటర్ల ఆర్డర్‌ని సగటున 40లో వెళ్తే ఏడున్నర నిమిషాలు, 50లో వెళ్తే ఆరు నిమిషాలు. మిగిలింది నిమిషంన్నర. అది కూడా సిగ్నళ్లు, మలుపులు ఏవీ అడ్డు రాకపోతేనే. ఆ నిమిషంన్నర హోటల్ కౌంటర్ దగ్గరే పోతుంది. నేను టైమ్ మిగుల్చుకోవడం నేర్చుకున్నది రోడ్డు మీద కాదు, రోడ్డుకి అటూ ఇటూ. ఏ హోటల్ ఏ టైమ్‌లో లేట్ చేస్తుంది, ఏ అపార్ట్‌మెంట్‌కి ఏ గేటు, లిఫ్ట్ ఎటు, బండి ఎక్కడ పెడితే తక్కువ నడక. ఇవి ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకున్నాను. స్పీడ్ పెంచకుండానే గంటకి ఒక ఆర్డర్ పెరిగిన రోజులున్నాయి.

ఫోన్ ఇంకో శత్రువు, అది లేకుండా పనీ లేదు. డ్రైవింగ్‌లో ఫోన్ వాడేవాళ్లకి యాక్సిడెంట్ అయ్యే అవకాశం దాదాపు నాలుగు రెట్లు. 40 స్పీడులో బండి సెకనుకి 11 మీటర్లు వెళ్తుంది. కొత్త ఆర్డర్ మోగిందని రెండు సెకన్లు స్క్రీన్ చూస్తే 22 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. యాప్ మోగినప్పుడు పక్కకి తీసి ఆపు. ఆర్డర్ తీసుకోవడానికి ఇచ్చే సెకన్లు తక్కువే, కొన్ని పోతాయి, పోనీ. ఫోన్ మౌంట్ గట్టిది కొను, దారి చెవిలో వినిపించేలా ఒక చెవికి మాత్రమే ఇయర్‌ఫోన్ పెట్టుకో, అదీ మీ దగ్గర చట్టం ఒప్పుకుంటేనే.

హెల్మెట్ గురించి ఒక్క మాట. ఎన్నో అధ్యయనాలని కలిపి చూసిన కాక్రేన్ సమీక్షలో తేలింది ఏంటంటే, బైక్ యాక్సిడెంట్‌లో హెల్మెట్ చావు ప్రమాదాన్ని 42 శాతం, తల దెబ్బల ప్రమాదాన్ని 69 శాతం తగ్గిస్తుంది. గడ్డం కింద పట్టీ బిగించని హెల్మెట్‌కి ఈ లెక్క వర్తించదు, పడగానే అది నీకంటే ముందు ఎగిరిపోతుంది. రోజుకి నలభైసార్లు తీసి పెట్టాలి కాబట్టి పట్టీ వదిలేసేవాళ్లే ఎక్కువ. ఒక్క చేత్తో బిగించే క్లిప్ ఉన్నది కొనుక్కో.

బ్యాగ్ వీపున మోయకు. ఆరు నెలల్లో నడుం పట్టేస్తుంది. గాలికి ఊగుతుంది, పడినప్పుడు వెన్ను మీద పడుతుంది. బండి వెనక క్యారియర్‌కి కట్టు, వీలైనంత కిందికి. ఎండిపోయిన రోడ్డు మీద మొదటి చినుకులు పడిన కాసేపు అన్నిటికంటే ప్రమాదం. ఆయిల్, దుమ్ము పైకి తేలి రోడ్డు జారుతుంది. ఆ టైమ్‌లోనే రేటు పెంచుతారు. కాసేపు ఆగు, వాన రోడ్డుని బాగా కడిగాక బయల్దేరు. ఇనప మూతలు, తెల్ల గీతలు, ఆకులు, వీటి మీద బ్రేక్ వేయకు, తిప్పకు. ఆగి ఉన్న కార్ల పక్క నుంచి వెళ్లేటప్పుడు తలుపు తెరుచుకునేంత దూరం వదులు. రాంగ్ రూట్‌లో ఒక్క సందు కలిసొస్తుందని వెళ్లడం మానేయి, అది అలవాటైతే వదలదు.

నిద్ర సంగతి చాలామందికి తెలియదు. వరసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషిలా ఉంటుందని పరీక్షల్లో తేలింది. చాలా దేశాల్లో తాగి నడపడం కిందికి వచ్చే హద్దు అదే. ఉదయం 6కి లేచినవాడికి రాత్రి 11 అయ్యేసరికి 17 గంటలు. చుక్క ముట్టకపోయినా నువ్వు ఆ స్థితిలో ఉన్నట్టే. ఇక వారానికి 55 గంటలు, అంతకంటే ఎక్కువ పనిచేసేవాళ్లకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పాయి. రోజుకి 11 గంటలు, వారానికి ఆరు రోజులు అంటే 66 గంటలు.

ఇంకోటి, ఎవరూ పైకి చెప్పరు: బాత్రూమ్. ఎక్కడికీ వెళ్లే వీలుండదని నీళ్లు తాగడం మానేస్తారు. ఎండలో తిరుగుతూ నీళ్లు తాగకపోతే కిడ్నీలో రాళ్లు, మూత్రంలో మంట వచ్చే ముప్పు పెరుగుతుంది. నాతో పనిచేసిన ఆడపిల్లలు దీనివల్లే ఎక్కువమంది మానేశారు, రోడ్డు భయంతో కాదు. మీ ఏరియాలో వెళ్లనిచ్చే హోటళ్లు, పెట్రోల్ బంకులు మొదటి వారంలోనే చూసి పెట్టుకో. క్యాష్ ఆర్డర్లు చేస్తే డబ్బు రోజూ కట్టేయి, రాత్రి దగ్గర ఉంచుకోవద్దు.

ఉద్యోగం లాంటి పనే అయినా నిన్ను ఉద్యోగి అనరు. ఈ ఒక్క మాట మీదే లోకమంతా కోర్టుల్లో వాదనలు నడుస్తున్నాయి. స్పెయిన్ 2021లో చట్టం చేసి, డెలివరీ రైడర్లని ఉద్యోగులుగానే చూడాలంది. బ్రిటన్ సుప్రీంకోర్టు 2021లో ఊబర్ డ్రైవర్లకి కనీస వేతనం, సెలవు జీతం హక్కుందని చెప్పింది. అదే కోర్టు 2023లో డెలివరూ అనే ఫుడ్ డెలివరీ కంపెనీ రైడర్ల విషయంలో వేరే తీర్పిచ్చింది, వాళ్లు తమ బదులు ఇంకొకరిని పంపుకోవచ్చు కాబట్టి ఉద్యోగ సంబంధం లేదని. కాగితంలో ఒక్క షరతు ఎంత పని చేస్తుందో చూడు. భారతదేశం 2020 సామాజిక భద్రతా కోడ్‌లో గిగ్, ప్లాట్‌ఫామ్ కార్మికులని, అంటే మనలా యాప్ మీద పని చేసేవాళ్ల లాంటివాళ్లని, మొదటిసారి పేరు పెట్టి గుర్తించింది. కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి ఇవ్వాలని అందులో ఉంది. మీ దగ్గర ఇలాంటి బోర్డో నిధో ఉంటే చేరిన వారంలోనే పేరు నమోదు చేయించుకో, దెబ్బ తగిలాక చేయించుకుందామంటే కుదరదు.

ఐడి బ్లాక్ గురించి కూడా అడగాల్సింది నువ్వు, అడగలేదు. ఒక రోజు పొద్దున్నే యాప్ తెరిస్తే లాగిన్ కాదు, కారణం చెప్పే మనిషి దొరకడు. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన ప్లాట్‌ఫామ్ పని ఆదేశంలో, ఇలా అకౌంట్ ఆపేసే నిర్ణయం యంత్రం కాదు, మనిషే తీసుకోవాలని పెట్టారు. మిగతా చోట్ల నీ రక్షణ నీ దగ్గరే ఉండాలి. డెలివరీ ఇచ్చిన ఫోటో, కస్టమర్ ఫోన్ ఎత్తకపోతే కాల్ స్క్రీన్‌షాట్, వారం వారం సంపాదన స్క్రీన్‌షాట్, అన్నీ యాప్‌లో కాకుండా ఫోన్‌లో దాచుకో. నాకు ఒకసారి తప్పుడు కంప్లైంట్ మీద ఐడి ఆగితే తొమ్మిది రోజులకి తెరిచారు, అదీ ఫోటో ఉండబట్టి.

ఇంత చెప్పాక చేరాలా వద్దా అంటే, నా ఉద్దేశం ఇది. అప్పు చేసి కొత్త బండి కొని చేరాలనుకుంటే వద్దు, ఆ విషయంలో మీ ఫ్రెండ్ మాటే వినాలి. వాయిదా కట్టాలన్న ఒత్తిడి ఉన్నవాడు చివరి రెండు ఆర్డర్లని వదులుకోలేడు. ఉన్న బండితో, మధ్యాహ్నం మూడు గంటలు, రాత్రి మూడు గంటలు రద్దీ టైమ్‌లో మాత్రమే చేసి, మిగతా టైమ్‌లో ఉద్యోగ ప్రయత్నం చేసుకుంటే మంచిదే. గంటకి వచ్చేది అప్పుడే ఎక్కువ, వెయిటింగ్ తక్కువ. చిన్న ఏరియా ఎంచుకో, లాంగ్ ఆర్డర్లు చూడ్డానికి లాభంగా కనిపిస్తాయి కానీ ఖాళీగా తిరిగి రావాలి. దగ్గర దగ్గర డ్రాపులుంటే సైకిల్ గానీ బ్యాటరీ బండి గానీ బైక్ కంటే ఎక్కువ మిగులుస్తుంది. ఎన్నాళ్లు చేస్తావో ముందే ఒక తేదీ రాసి పెట్టుకో. నేను రాసుకోలేదు, రెండేళ్లు అనుకున్నది తొమ్మిదేళ్లయింది.

మొదటి 14 రోజులు ఒక కాగితం మీద నాలుగు గడులు గీసి రాయి: లాగిన్ గంటలు, ఆర్డర్ ఉన్న గంటలు, మీటర్ కిలోమీటర్లు, వచ్చిన డబ్బు. రెండు వారాల తర్వాత పెట్రోలూ, కిలోమీటరుకి పక్కన పెట్టాల్సిందీ తీసేసి గంటకి ఎంత మిగిలిందో చూడు. మీ దగ్గర అదే గంటకి ఒక షాపులోనో గోడౌన్‌లోనో ఎంత ఇస్తున్నారో కనుక్కుని పక్కన పెట్టు. కాగితం నాకు పంపితే నేనూ చూస్తాను.

అమ్మతో "జాగ్రత్తగా నడుపుతానమ్మా" అని చెప్పకు, ఆ మాట ఆవిడ నిద్రపోవడానికి పనికిరాదు. రాత్రి ఎన్ని గంటలకి యాప్ ఆపేస్తావో చెప్పు. కాలర్ బోన్ అతుక్కుని మళ్లీ బండి ఎక్కిన రోజు నేను మా ఇంట్లో చెప్పిన టైమ్ 10 గంటలు. ఆ తర్వాత నాలుగేళ్లు, పద్నాలుగో ఆర్డర్ దగ్గరున్నా సరే, పదికి ఆపేశాను.